ఇంటి స్టూడియో: యంత్రం చౌక, నిశ్శబ్దం ప్రియం

జుగ్సలాయి (జంషెడ్‌పూర్): పాట రికార్డు చేయాలంటే ఒకప్పుడు కలకత్తాకో, మద్రాసుకో రైలెక్కవలసి వచ్చేది. నేడు అదే పని టాటానగర్ రైల్వే స్టేషన్‌కు కూతవేటు దూరంలోని జుగ్సలాయి ఇరుకు వీధుల్లో, పదడుగుల గదిలోనే సాధ్యం. ఇంట్లో ఇప్పటికే కంప్యూటరు ఉన్నట్లయితే మిగిలిన సరంజామా అంతా 50 వేల రూపాయలకు లోబడి సమకూరుతుంది. అయితే ఆ సొమ్మును ఏ వరుసలో ఖర్చు పెట్టాలన్నదే అసలు ప్రశ్న. ఔత్సాహికుల్లో అనేకులు ముందుగా ఖరీదైన మైకు కొంటున్నారు. తమ గొంతుతో పాటు రైలు కూత, ఫ్యాను చప్పుడు, పొరుగింటి కుక్కరు ఈల సైతం అందులో నమోదైనట్లు ఆ తర్వాత గ్రహిస్తున్నారు. యంత్రాల ధరలు నాలుగు దశాబ్దాలుగా తగ్గుతూ వస్తున్నప్పటికీ నిశ్శబ్దం ధర మాత్రం తగ్గలేదు. తక్కువ పెట్టుబడితో స్టూడియో పెట్టదలచిన వారు మొట్టమొదట గ్రహించవలసిన సంగతి ఇదే.

జంషెడ్‌పూర్ నగరంలో కలిసిపోయినట్లు కనిపించినా జుగ్సలాయి వేరే పురపాలక పట్టణం. ఉక్కు కంపెనీ లీజు భూములకు వెలుపల, రైలు మార్గాన్ని ఆనుకుని పెరిగిన టోకు వ్యాపార కేంద్రం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా దాదాపు 50 వేలు. 1907లో టాటా ఇనుము, ఉక్కు కంపెనీ ఏర్పడిన తర్వాత దేశం నలుమూలల నుంచీ కార్మికులు ఈ ప్రాంతానికి తరలివచ్చారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగువారు వారిలో ఉన్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నేటికీ నిలిచి ఉన్న గుర్తు.

అలా వచ్చిన కుటుంబాల్లో ఇప్పుడు మూడవ, నాలుగవ తరం పెరుగుతున్నది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు నడుస్తున్న ఇళ్లలో పెళ్లి పాటలు, మంగళహారతులు, లాలిపాటలు వయసు మళ్లిన స్త్రీల నోటనే మిగులుతాయి. వాటిలో అచ్చుకెక్కనివి ఎన్నో. పరిసర గ్రామాల్లో సంతాలీ, హో, ముండారీ భాషల పాటలకూ ఇటువంటి ముప్పే పొంచి ఉంది. సంతాలీకి 2003 నాటి 92వ రాజ్యాంగ సవరణ ద్వారా ఎనిమిదవ షెడ్యూలులో స్థానం లభించింది. అయినా షెడ్యూలులో చోటు దొరికినంత మాత్రాన ఒక ముసలమ్మ పాట దానంతటదే భద్రం కాదు. పెద్ద కంపెనీలు లాభం లేనిదే ఇటువంటి పాటలను ముట్టుకోవు. కనుక చౌకలో అమరే ఇంటి స్టూడియోను కేవలం యువకుల సరదాగా కొట్టివేయడానికి వీలులేదు.

హోటల్ గదిలో మొదలైన కథ

మన దేశంలో వాణిజ్యపరమైన సంగీత రికార్డింగు ఆరంభమైనదే తాత్కాలిక గదుల్లో కావడం విశేషం. లండన్‌కు చెందిన గ్రామఫోన్ కంపెనీ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తాలోని ఒక హోటల్‌లో యంత్రాలు అమర్చి గాయనీ గాయకుల పాటలను నమోదు చేశారు. ప్రసిద్ధ గాయని గౌహర్ జాన్ గొంతు తొలిసారి రికార్డుకెక్కింది అప్పుడే. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఈ వ్యాపారం కొద్ది కంపెనీల గుప్పిట్లోనే ఉండిపోయింది. 1980 దశకంలో క్యాసెట్టు రాకతో పరిస్థితి తారుమారైంది. ఢిల్లీలో గుల్షన్ కుమార్ 1983లో నెలకొల్పిన సూపర్ క్యాసెట్స్ సంస్థ తక్కువ ధరకు క్యాసెట్లను గ్రామాల దాకా చేర్చింది. ప్రాంతీయ భాషల భక్తి గీతాలకు, జానపదాలకు పెద్ద మార్కెట్ ఉన్నదని అప్పుడే రుజువైంది.

క్యాసెట్టు వినడాన్నే కాక, రికార్డు చేయడాన్ని కూడా చౌక చేసింది. జపాన్ సంస్థ టాస్కామ్ 1979లో నాలుగు ట్రాకుల పోర్టాస్టూడియోను విడుదల చేసింది. సాధారణ క్యాసెట్టుపైనే నాలుగు గొంతులను లేదా వాద్యాలను విడివిడిగా నమోదు చేసి, తర్వాత కలపగల యంత్రమిది. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 జనవరిలో న్యూజెర్సీలోని తన అద్దె ఇంటి పడకగదిలో, ఈ యంత్రంతోనూ రెండు సాధారణ మైకులతోనూ కొన్ని పాటలు నమోదు చేశారు. స్టూడియోలో మళ్లీ పాడడానికి నమూనాలుగా వాటిని ఉద్దేశించినప్పటికీ, చివరకు ఆ క్యాసెట్టులోని పాటలే అదే ఏడాది 'నెబ్రాస్కా' ఆల్బంగా వెలువడ్డాయి.

మన దగ్గర ఎ.ఆర్.రెహమాన్ 1989లో మద్రాసులోని తన ఇంటి ఆవరణలోనే పంచతన్ రికార్డ్ ఇన్ స్టూడియోను నెలకొల్పారు. 1992లో వచ్చిన 'రోజా' సంగీతం అక్కడే రూపొంది ఆయనకు జాతీయ పురస్కారాన్ని తెచ్చిపెట్టింది. ఆ స్టూడియో చౌక సరంజామాతో ఏర్పడినది కాకపోయినా, పాట పుట్టే చోటు ఇల్లే కావచ్చునని అది నిరూపించింది. ఇటీవలి ఉదాహరణ బిల్లీ ఐలిష్‌ది. లాస్ ఏంజిలిస్‌లో ఆమె అన్న ఫిన్నియాస్ పడకగదిలో ప్రధానంగా నమోదైన 2019 నాటి ఆల్బం, 2020 జనవరిలో ఆ ఏటి ఉత్తమ ఆల్బంగా గ్రామీ పురస్కారం గెలుచుకుంది.

ఈ ఉదాహరణలన్నింటినీ కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. యంత్రం అంతకంతకూ చిన్నదవుతూ వచ్చింది. గది అవసరం మాత్రం తీరలేదు.

గదే తొలి పరికరం

గది విషయంలో రెండు వేర్వేరు సమస్యలను చాలామంది ఒకటిగా భావిస్తుంటారు. బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆపడం ఒకటి. లోపలి ధ్వని గోడలకు కొట్టుకుని మారుమోగకుండా చూడడం రెండవది. మొదటిదానికి బరువు, బిగింపు అవసరం. రెండవదానికి మెత్తదనం, మందం అవసరం. ఒకదానికి పనికివచ్చేది రెండవదానికి పనికిరాదు.

తొమ్మిది అంగుళాల ఇటుక గోడ బయటి శబ్దాన్ని చాలావరకు ఆపగలదు. అసలు దొంగదారి తలుపు కింది సందు, కిటికీ రెక్కల మధ్య ఖాళీ. గాలి చొరబడే ప్రతి సందు గుండా శబ్దమూ చొరబడుతుంది. కనుక ముందుగా రబ్బరు పట్టీలతో ఆ సందులను మూసివేయడం అతి తక్కువ ఖర్చుతో అత్యధిక ఫలితమిచ్చే పని. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించే అలవాటు దేశమంతటా ఉంది. వాటికి బరువు లేదు గనుక రైలు శబ్దాన్ని అవి ఏమాత్రం ఆపలేవు. మందం లేదు గనుక మారుమోతను కూడా అంతంతమాత్రంగానే తగ్గిస్తాయి. పైగా వాటికి నిప్పు సులభంగా అంటుకుంటుంది.

మారుమోత నివారణకు జుగ్సలాయి టోకు బజారులోనే మందు దొరుకుతుంది. దూదితో కుట్టిన రజాయిలు, మందపాటి పరదాలు, పాత పరుపులు మధ్య, హెచ్చు స్థాయి ధ్వనులను బాగా పీల్చుకుంటాయి. గాయకుని వెనుక, ఇరుపక్కల వీటిని వేలాడదీస్తే గొంతు శుభ్రంగా వినిపిస్తుంది. మైకు తన వెనుక వైపు ధ్వనిని తక్కువగా గ్రహిస్తుంది. అందువల్ల గాయకుని ముందున్న గోడ కంటే వెనుకనున్న గోడను కప్పడమే ముఖ్యం. రజాయిని గోడకు అతికించకుండా నాలుగైదు అంగుళాలు ఎడంగా వేలాడదీస్తే మరింత మేలు.

మంద్ర స్థాయి ధ్వనుల సంగతి వేరు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గదిలో ఎదురెదురు గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్ వద్ద ధ్వని నిలిచిపోయి ప్రతిధ్వనిస్తుంది. పొడవు, వెడల్పు సమానం కావడం వల్ల ఈ దోషం రెట్టింపవుతుంది. ఢోలక్, తబలాల ఎడమ వైపు మోతలు కొన్ని అదుపు తప్పి హోరుమనడానికి గది కొలతలు ఒక కారణం. కనుక ఇంట్లో ఎంచుకునే వీలుంటే చదరపు గది కంటే దీర్ఘచతురస్రపు గదిని, ఖాళీ గది కంటే మంచం, బీరువా, పుస్తకాల అరలు ఉన్న గదిని ఎంచుకోవడం మంచిది. మూలల్లో నిలువుగా ఉంచిన రాక్‌వూల్ పలకలను బట్టలో బిగిస్తే హోరు కొంత తగ్గుతుంది. ఆ పలకలను కోసేటప్పుడు ముక్కుకు, చేతులకు రక్షణ తప్పనిసరి.

ఇన్ని చేసినా రైలు కూతను పూర్తిగా ఆపడం ఇంటి ఖర్చులో సాధ్యం కాదు. అక్కడ డబ్బు చేయలేని పనిని కాలం చేస్తుంది. ఒక వారం రోజుల పాటు ఏ గంటలో వీధి ఎంత సద్దుమణుగుతుందో కాగితంపై రాసుకుంటే పాడదగిన వేళలు తేలుతాయి. వేసవిలో ఫ్యాను ఆపితే గదిలో కూర్చోలేని పరిస్థితి. అందువల్ల తెల్లవారుజామున చిన్న చిన్న విరామాలతో పాడించడమే ఆచరణయోగ్యం. రేకుల కప్పు కింద ఉన్న గదిలో వానాకాలం రికార్డింగు పెట్టుకోకపోవడం ఉత్తమం.

యాభై వేల లెక్క

పై విషయాలను దృష్టిలో ఉంచుకుని 50 వేల రూపాయలను ఈ విధంగా పంచవచ్చు. రజాయిలు, పరదాలు, రబ్బరు పట్టీలు, చెక్క చట్రాలతో గది ఏర్పాటుకు 10 వేలు. మైకు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని కంప్యూటరు అర్థం చేసుకునే అంకెలుగా మార్చే ఆడియో ఇంటర్‌ఫేస్‌కు 10 వేలు. మైకుకు 8 వేలు. చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్‌కు 5 వేలు. స్టాండు, కేబుళ్లు, ఊపిరి తాకిడిని అడ్డుకునే తెరకు 3 వేలు. రెండు బయటి హార్డ్ డిస్కులకు 10 వేలు. మిగిలిన 4 వేలు మరమ్మతులకు. ధరలు దుకాణాన్ని బట్టి హెచ్చుతగ్గులు కావచ్చు. వరుస మాత్రం మారకూడదు.

మైకుల్లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. కండెన్సర్ మైకు సూక్ష్మ ధ్వనులను సైతం పట్టుకుంటుంది. దీనికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల విద్యుత్తు అందాలి. డైనమిక్ మైకు అంత సున్నితం కాదు. రైలు మార్గం పక్కనున్న ఇంట్లో ఈ లోపమే గుణంగా మారుతుంది. గొంతుకు జానెడు దూరంలో ఉంచి, వెనుక భాగం కిటికీ వైపు తిప్పితే వీధి చప్పుడు గణనీయంగా తగ్గుతుంది. గదిలో మోత లేని పక్షంలో మైకుకూ నోటికీ మధ్య దూరాన్ని సగానికి తగ్గించిన ప్రతిసారీ గొంతు స్థాయి సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. వీధి చప్పుడు మాత్రం అంతే ఉంటుంది. పైసా ఖర్చు లేని ఈ ఉపాయం ఏ ఖరీదైన పరికరానికీ తీసిపోదు.

1966లో మార్కెట్‌లోకి వచ్చిన షూర్ సంస్థ ఎస్ఎం58 డైనమిక్ మైకు నేటికీ తయారవుతూనే ఉంది. మంచి మైకు పాతబడినా పనికివస్తుందనడానికి ఇది నిదర్శనం. కాకపోతే ఇటువంటి పేరున్న మైకులకు నకిలీలు విస్తారంగా ఉన్నాయి. అధీకృత విక్రేత వద్ద రసీదుతో కొనడం క్షేమం. కాగా, సాఫ్ట్‌వేర్‌పై ఆరంభంలో ఖర్చు పెట్టనవసరం లేదు. 2000లో వెలువడిన ఆడాసిటీ పూర్తిగా ఉచితం. ఎక్కువ ట్రాకులతో పనిచేయదలచిన వారికి రీపర్ 60 రోజుల పరిశీలన తర్వాత 60 డాలర్ల రాయితీ ధరకు లభిస్తుంది.

సెకనుకు 48 వేల నమూనాలు, 24 బిట్ల లోతుతో నమోదు చేస్తే ఇంటి అవసరాలకు ధారాళంగా సరిపోతుంది. ఈ లెక్కన ఒక్కో ట్రాకు నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్ల జాగా ఆక్రమిస్తుంది. అయిదు నిమిషాల పాటకు పది ట్రాకులైతే సుమారు 430 మెగాబైట్లు. శబ్ద స్థాయిని సూచించే గీత పై అంచు తాకకుండా, 12 డెసిబెల్స్ దిగువనే ఉంచడం మేలు. తక్కువగా నమోదైన గొంతును తర్వాత పెంచవచ్చు. చీలిపోయిన గొంతును బాగుచేయడం కష్టసాధ్యం.

విద్యుత్తు కూడా ఒక సమస్యే. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో 50 హెర్ట్జ్ గుంయిమనే మోత రికార్డింగులో చేరుతుంది. చౌక ఇన్వర్టర్లు మరో రకమైన రొదను జోడిస్తాయి. ల్యాప్‌టాప్‌ను ఛార్జరు నుంచి విడదీసి బ్యాటరీపైనే నడిపి, ఇంటర్‌ఫేస్‌కూ అందులో నుంచే విద్యుత్తు అందిస్తే ఈ బెడద చాలావరకు తొలగుతుంది. కరెంటు పోయినా పాట ఆగదన్నది అదనపు ప్రయోజనం.

వాద్యాన్ని బట్టి ఏర్పాటు

ఒకే మైకు ఉన్నప్పటికీ వాద్యాలను ఒకదాని తర్వాత ఒకటిగా నమోదు చేసుకోవచ్చు. మృదంగానికి రెండు ముఖాలకూ సమదూరంలో, ఎదురుగా రెండడుగుల ఎడంలో మైకు నిలిపితే రెండు వైపుల నాదం సమతూకంలో అందుతుంది. హార్మోనియం తిత్తి చప్పుడు వినపడకుండా మైకును మెట్ల వైపు నుంచి కొంచెం ఎత్తులో ఉంచాలి. సంతాల్ సంప్రదాయంలోని తుమ్‌దాక్, తమాక్ వంటి గంభీర వాద్యాలు పదడుగుల గదిలో ఇమడవు. వాటిని తెల్లవారుజామున ఊరి బయట ఆరుబయట నమోదు చేయడమే సరైన పద్ధతి. ల్యాప్‌టాప్, చిన్న ఇంటర్‌ఫేస్ సంచిలో పట్టే వస్తువులు కావడం ఇక్కడ కలిసివచ్చే అంశం.

వృద్ధుల పాటల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. స్టాండు, హెడ్‌ఫోన్ చూసి వారు బిగుసుకుపోతారు. వారిని స్టూడియోకు రప్పించడం కంటే స్టూడియోనే వారి మంచం దగ్గరకు తీసుకువెళ్లడం మంచిది. పాటకు ముందు పాడేవారి పేరు, స్వగ్రామం, ఆ పాటను ఏ సందర్భంలో పాడతారో వారి నోటనే చెప్పించి రికార్డు చేస్తే ముందు తరాలకు అది పాటంత విలువైనదవుతుంది.

చట్టం ఏమంటోంది?

పాట ఎవరిదన్న ప్రశ్నను స్టూడియో నిర్వాహకులు తేలికగా తీసుకోరాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత, స్వరకర్త మరణించిన తర్వాత 60 సంవత్సరాల వరకు వారి రచనలపై హక్కు కొనసాగుతుంది. 1847లో పరమపదించిన త్యాగరాజస్వామి కృతులను ఎవరైనా పాడి రికార్డు చేయవచ్చు. కానీ మరొక సంస్థ వెలువరించిన త్యాగరాజ కృతుల రికార్డును తీసి వాడుకోరాదు. రికార్డుకు వేరే హక్కు ఉంటుంది. అది ప్రచురితమైన తర్వాత 60 ఏళ్ల దాకా చెల్లుతుంది.

సినిమా పాటలను తిరిగి పాడి అమ్మదలచిన వారికి 2012 సవరణ నిబంధనలు కఠినతరం చేసింది. తొలి రికార్డు వెలువడిన సంవత్సరం ముగిసిన తర్వాత అయిదేళ్లు ఆగాలి. హక్కుదారుకు ముందస్తు నోటీసు ఇచ్చి, ఏడాదికి కనీసం 50 వేల ప్రతులకు రాయల్టీ చెల్లించాలి. తక్కువ మంది వినే భాషలకు, మాండలికాలకు ఈ కనీస సంఖ్యను తగ్గించే అవకాశం చట్టంలో ఉంది. అయినప్పటికీ చిన్న స్టూడియోకు సొంత పాటలు, సంప్రదాయ గీతాలే శ్రేయస్కరం.

హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. గడువు రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి పరిమితమైనదిగా చట్టం పరిగణిస్తుంది. స్నేహితుల మధ్య సైతం ఒక పేజీ ఒప్పందం తర్వాతి కలహాలను నివారిస్తుంది.

అప్పు, ఆదాయం

2015లో ప్రారంభమైన ముద్ర పథకం కింద 'శిశు' తరగతిలో 50 వేల రూపాయల వరకు పూచీకత్తు లేకుండా రుణం పొందే వీలుంది. సేవా రంగంలోని చిన్న వ్యాపారాలు ఇందుకు అర్హమైనవే. ఉదాహరణకు 12 శాతం వడ్డీపై 50 వేలు తీసుకుని మూడేళ్లలో తీర్చదలిస్తే నెలకు సుమారు 1,660 రూపాయలు చెల్లించవలసి ఉంటుంది. గంటకు 500 రూపాయలు వసూలు చేయగలిగితే నెలకు నాలుగు గంటల లోపు పనితోనే ఆ వాయిదా గడుస్తుంది. 2020 జులై నుంచి అమల్లో ఉన్న ఉద్యమ్ నమోదు ఉచితం. సేవల వార్షిక టర్నోవరు 20 లక్షల లోపు ఉన్నవారికి సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం ఉండదు.

అయితే లెక్క ఇంత సులువుగా కనిపించడమే ప్రమాదం. యంత్రాలు అందరికీ చౌకే గనుక పోటీదారులకూ చౌకే. పాటల వినికిడి ద్వారా ఇంటర్నెట్ సంస్థలు చెల్లించే మొత్తాలపై ఆధారపడి అప్పు చేయడం అవివేకం. భజన బృందాల రికార్డింగులు, పెళ్లి పాటలు, పాఠశాల వార్షికోత్సవాల గీతాలు, ప్రకటనలకు గొంతు అందించడం వంటి స్థానిక పనులే ఆరంభంలో నికరమైన ఆదాయ మార్గాలు. నెలకు ఎన్ని గంటల పని నిజంగా వస్తుందో తెలియకముందే రెండవ మైకు కొనకపోవడం మంచిది.

భద్రత లేని రికార్డు వృథా

రికార్డు చేయడంతో బాధ్యత తీరదు. హార్డ్ డిస్కు ఏ క్షణాన చెడిపోతుందో చెప్పలేము. అందుకే పై లెక్కలో రెండు డిస్కులకు 10 వేలు కేటాయించడం జరిగింది. అసలు ప్రతి కంప్యూటరులో, ఒక నకలు ఇంట్లోని డిస్కులో, మరొకటి వేరే ఇంట్లోని బంధువుల వద్ద ఉంచడం సురక్షితం. ఎంపీ3 రూపంలో కుదించిన పాటకు పోయిన నాణ్యత తిరిగి రాదు కనుక మూల ప్రతిని వేవ్ రూపంలోనే దాచాలి. ప్రతి ఫైలు పేరులో పాడినవారు, ఊరు, తేదీ ఉండాలి. పేరులేని ఫైలు పదేళ్ల తర్వాత ఎవరికీ పనికిరాదు.

పాత పాటలు తెలిసిన వృద్ధులు ఏటికేడాది తగ్గిపోతున్నారు. మైకు ధర వచ్చే ఏడాది మరికొంత తగ్గవచ్చు. అందాకా ఆగితే పాడవలసిన గొంతు ఉండకపోవచ్చు. మంచి సెల్‌ఫోను, నాలుగు రజాయిలు, తెల్లవారుజామున ఒక గంట తీరిక ఉన్న ఏ ఇంటివారైనా ఈ పనిని 50 వేలు సమకూరక ముందే మొదలుపెట్టవచ్చు. స్టూడియో ఆ తర్వాత ఏర్పడుతుంది.